మా వీధి ఏ పద్దు కింద ఉంది?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించీ నాకంటె బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను వేరే సంగతి రాస్తానన్నాను. కిందటి నెల సమావేశం అయిపోయి టీలు తాగుతుండగా ఒక సోదర పెన్షనరు అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. “ఏమండీ, ముప్పయ్యేళ్ళుగా ఇంటి పన్ను ఒక్క అర్ధ సంవత్సరమైనా బాకీ లేకుండా కడుతున్నాను. మా వీధిలో గోతులు మా మనవడితో పాటు పెరుగుతున్నాయి. ఏ వీధికి ముందు, ఏ వీధికి వెనక అనడానికి ఏమైనా లెక్క ఉందా, లేక నోరున్నవాడిదే రోడ్డా?” అన్నారాయన. అందరం నవ్వాం గానీ ప్రశ్న నవ్వులాటది కాదు.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బిల్లుల సెక్షనులోనే గడిచింది. స్థానిక సంస్థల పనుల కాగితాలు చాలా ఏళ్ళు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. లెక్క ఉందా అంటే ఉంది. కాకపోతే అది గోతి లోతును బట్టి నడిచే లెక్క కాదు. ఆ వీధి ఎవరి రిజిస్టరులో ఉంది, దానికి డబ్బు ఏ పద్దు కింద రావాలి అన్న రెండు సంగతులను బట్టి నడుస్తుంది. ఇది తెలియక మనం ఏళ్ళ తరబడి సంబంధం లేని గుమ్మం ముందు అర్జీ పట్టుకుని నిలబడతాం. ఈ లెక్క ఎలా ఏర్పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాఠకులు ఓపిక పట్టాలి.

మన ఊళ్ళో పురపాలన 1858లో పట్టణ ప్రముఖులు స్వచ్ఛందంగా పెట్టుకున్న ఒక సంఘంతో మొదలైంది. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం చేశాక అది మునిసిపాలిటీ అయింది. ఆ తర్వాత 1884లో ఒకటి, 1920లో మరొకటి జిల్లా మునిసిపాలిటీల చట్టాలు వచ్చాయి. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జనం 40,892 మంది. ఇప్పుడు ఒక పెద్ద కాలనీలోనూ, దాని చుట్టుపక్కల పేటల్లోనూ ఉండేంత మంది. కోట వీధి, మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్టు చుట్టూ ఉన్న ఊరు అది. 

ఆ కాలంలో వీధి మరమ్మతుకు డబ్బు ఎక్కడిదంటే, చాలా వరకు ఆ వీధిలోంచే వచ్చేది. ఇంటి మీద పన్ను, వృత్తి మీద పన్ను, బండి మీద పన్ను, గుర్రం మీద పన్ను. ఇవికాక రోడ్డు మీద టోలు గేటు సుంకం. ఇందులో ఒక న్యాయం ఉండేది. కంకర రోడ్డును చెడగొట్టేది మనిషి కాలు కాదు, ఎద్దుబండి చక్రానికి ఉండే ఇనప పట్టా. సరుకు బండి ఒకే గాడిలో పదిసార్లు నడిచిందంటే కంకర లేచిపోతుంది. కనుక బండివాడు గేటు దగ్గర డబ్బు ఇచ్చేవాడు, ఆ డబ్బుతో కంకర పరిచేవారు. రోడ్డును అరగదీసినవాడే రోడ్డుకు ఖర్చు పెట్టుకోవడం అన్నమాట.

తర్వాత మోటారు బస్సులూ లారీలూ వచ్చాయి. ప్రతి ఊరి పొలిమేరలోనూ ఆగి సుంకం కట్టడం వాటికి కుదిరే పని కాదు. అందుకని 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చి టోలు గేట్లు ఎత్తేశారు. బండి పన్ను ప్రభుత్వమే వసూలు చేసి, గేట్ల రాబడి పోగొట్టుకున్న మునిసిపాలిటీలకూ లోకల్ బోర్డులకూ పరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. అది సబబైన పనే, కాదనను. కానీ వీధికీ డబ్బుకీ మధ్య దూరం పెరగడం అక్కడి నుంచే మొదలైందని నా అభిప్రాయం. అంతవరకు గేటు దగ్గర సాయంత్రం లెక్క కట్టిన డబ్బు, ఇక మీదట మద్రాసు వెళ్ళి గ్రాంటు పేరుతో తిరిగి రావాలి. గ్రాంటు అనగానే ఉత్తరం, ఉత్తరం అనగానే జ్ఞాపిక లేఖ, దాని మీద మరో జ్ఞాపిక లేఖ. మనలాంటి గుమస్తాలకు పని పెరిగింది.

వృత్తి పన్ను కథా ఇంతే. మనలో వయసు మళ్ళినవారికి గుర్తుండే ఉంటుంది, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పన్ను ఆరు నెలలకోసారి మునిసిపాలిటీకే కట్టేవాళ్ళం. 1987లో రాష్ట్ర చట్టం వచ్చాక అది ప్రభుత్వం వసూలు చేసి స్థానిక సంస్థలకు పంచేదిగా మారింది. నెల నెలా జీతంలో కోత పడడం అప్పటి నుంచే. పన్ను కట్టేవాడు ఈ వీధిలోనే ఉన్నాడు, డబ్బు మాత్రం హైదరాబాదు చుట్టి రావాలి.

ఇక రోడ్డు ఎవరిదన్న ప్రశ్న. ఈ ప్రశ్న మన ఊరికి ఉన్నంత చిక్కుగా మరే ఊరికీ లేదేమో. 1933లో హార్బరు తెరిచారు. అంతకు ముందే రైలు ఉంది. తర్వాత నౌకాదళం పెరిగింది. 1957లో కాల్టెక్సు వారి చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, అది తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం అయింది. రోడ్డుకు పోసే తారు మన ఊళ్ళోనే తయారవుతుంది. గోతులున్న వీధిలో నిలబడి ఈ మాట తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారి చేత శంకుస్థాపన, 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం మనందరికీ తెలిసినవే.

ఇలా వచ్చిన ప్రతి పెద్ద సంస్థకూ తన నేల, తన రోడ్లు, తన ఇంజనీర్లు ఉన్నారు. ఉక్కునగరంలో రోడ్డు చూసేది కర్మాగారం. పోర్టు స్థలంలో రోడ్డు పోర్టుది. డాల్ఫిన్ కొండ వైపు నౌకాదళానిది. రైల్వే క్వార్టర్లలో రైల్వేది. జాతీయ రహదారి కేంద్రానిది, కొన్ని పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. వీటన్నిటి నడుమ మిగిలినవి కార్పొరేషనువి. ఒకే సిటీ బస్సు గాజువాక నుంచి పాత పోస్టాఫీసుకు వచ్చేలోగా ముగ్గురు నలుగురు యజమానుల రోడ్ల మీద నడుస్తుంది. బస్సులో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు, నడుముకు మాత్రం తెలుస్తుంది.

ఇందులో డబ్బు చిక్కు కూడా ఉంది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద రాష్ట్రం గానీ మునిసిపాలిటీ గానీ పన్ను వేయరాదు. కానీ ఆ క్వార్టర్లలో ఉండేవారూ మన రోడ్ల మీదే మార్కెట్టుకు వెళ్ళాలి గదా. అందుకని పన్నుకు బదులు ‘సర్వీసు ఛార్జీలు’ అనే ఏర్పాటు వచ్చింది. అవి ఎంత ఇవ్వాలన్నది దేశమంతటా ఏళ్ళ తరబడి తగువుగా ఉండేది. చివరకు 2009లో రాజకోట మునిసిపల్ కార్పొరేషను కేసులో సుప్రీం కోర్టు ముందు లెక్క తేలింది. అన్ని సేవలూ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోయినా మూడో వంతు. మన ఊరివంటి ఊరికి ఇది చిన్న విషయం కాదు.

పోర్టు లారీల కోసం షీలానగరు నుంచి పోర్టుకు సుమారు 12 కిలోమీటర్ల ప్రత్యేక రోడ్డు వేసినప్పుడు దాని ఖర్చుకు మళ్ళీ టోలు గేటే పెట్టారు. 1931లో ఎత్తేసిన గేటు ఈ రకంగా తిరిగి వచ్చింది. ఇనప పట్టా బండికి బదులు పన్నెండు చక్రాల లారీ, అంతే తేడా.

1979లో ప్రత్యేక చట్టంతో మన మునిసిపాలిటీ కార్పొరేషను అయింది. 1981లో ఎన్నికలు జరిగి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మొదటి మేయరయ్యారు. హైదరాబాదు కార్పొరేషను చట్టంలోని పద్ధతులే ఇక్కడికీ వచ్చాయి. కమిషనరు బడ్జెటు అంచనా తయారు చేస్తాడు, కార్పొరేటర్లలోంచి ఎన్నికైన స్థాయీ సంఘం పరిశీలిస్తుంది, సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. పని ఖరీదును బట్టి కొంత వరకు కమిషనరు, ఆపైన స్థాయీ సంఘం, ఇంకా పైన కౌన్సిలు, చివరకు ప్రభుత్వం శాంక్షను ఇవ్వాలి.

ఒక్క గోతి విషయంలో ఇది ఎలా నడుస్తుందో చెబుతాను. ముందు వర్కు ఇన్‌స్పెక్టరో అసిస్టెంటు ఇంజనీరో వచ్చి చూసి టేపు పెట్టి కొలుస్తాడు. ఎస్టిమేటు తయారవుతుంది. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు అని రెండు ఉంటాయి. మొదటిది ‘ఈ పని చేయవచ్చు, డబ్బు ఈ పద్దులో ఉంది’ అని. రెండోది ‘ఈ పని ఈ రకంగా చేస్తే నిలుస్తుంది, ఈ రేట్లు సరైనవి’ అని. ఆపైన టెండరు, ఒప్పందం, పని అప్పగింత. పని అయ్యాక ఎం.బుక్కులో కొలతలు ఎక్కించాలి, పై అధికారి సరిచూసి సంతకం చేయాలి, అప్పుడు బిల్లు, చివరకు ఆడిటు. ఇందులో ఏ ఒక్కటీ వృథా కాదు. ప్రతి మెట్టూ ఎక్కడో ఎవరో చేసిన ఒక మోసం వల్ల పుట్టిందే. కానీ మెట్లన్నీ ఎక్కేసరికి వానాకాలం వచ్చేస్తుంది. తడి నేల మీద తారు అంటుకోదు. మన తీరంలో జూన్ నుంచి వానలు, అవి తగ్గాయనుకునేసరికి అక్టోబరు, నవంబరు తుపాన్లు. తారు పనికి అసలైన కాలం డిసెంబరు నుంచి మే వరకే. బడ్జెటు సంవత్సరమేమో మార్చి 31తో ముగుస్తుంది. గ్రాంటు ఫిబ్రవరిలో విడుదలైతే నెల రోజుల్లో రోడ్డు వేయాలి, లేదా డబ్బు మురిగిపోతుంది. మార్చి నెలలో ఊరంతా రోడ్డు రోలర్లు కనిపించడానికి కారణం ఇదే.

ఈ సందర్భంలో నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1980ల నడుమ ఉత్తరాంధ్రలోనే ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్నాను. మార్చి ఆఖరి వారంలో ఒక సందు మరమ్మతు కాగితం నా దగ్గరకు వచ్చింది. బడి వెనక సందు, నూరు గజాలు కూడా ఉండదు. జతపరచవలసిన ధ్రువపత్రం ఒకటి లేదు. నేను రూలు ప్రకారం కొర్రీ వేసి తిప్పి పంపాను. కొర్రీ వేయడం తప్పు కాదు, వేయకపోతే ఆడిటులో నా మెడకే చుట్టుకునేది. కానీ ఆ ధ్రువపత్రం రాయవలసినాయన పక్క గదిలోనే కూర్చుంటాడు. లేచి నాలుగడుగులు వేసి అడిగితే పది నిమిషాల్లో అయిపోయేది. సంవత్సరాంతం, బల్ల మీద కాగితాలు గుట్టగా ఉన్నాయి, లేవలేదు. కాగితం తిరిగి వచ్చేసరికి ఏప్రిల్ రెండో వారం. డబ్బు మురిగిపోయింది.

ఆ జూలైలో మా ఇంటికి పెరుగు పోసే ఆవిడ నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజున చేతికి కట్టుతో వచ్చింది. “బడెనక సందులో కాలు జారి పడిపోనాను బాబూ, కుండ పగిలిపోనాది, మణికట్టు ఇరిగిపోనాది” అంది. మా ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ కొర్రీ నాదని ఆవిడకు చెప్పలేదు. మా ఆవిడకు కూడా చాలా ఏళ్ళకు గానీ చెప్పలేదు.

తిరిగి విశాఖకు వద్దాం. కార్పొరేషను అయ్యాక పనుల పంపకంలో రెండు పద్ధతులు ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ వచ్చాయి. ఒకటి, వార్డుకు ఇంత అని సమానంగా పంచడం. కార్పొరేటర్లకు ఇది ఇష్టం, తగువుండదు. కానీ పాత ఊరి వార్డుకూ, కొండవాలు పేటలున్న వార్డుకూ, కొత్త లేఅవుట్లున్న వార్డుకూ అవసరం సమానం కాదు. రెండోది అవసరాన్ని బట్టి. ఇంజనీర్ల చేతికి వదిలితే వారి వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. బస్సు నడిచే రోడ్డు ముందు, ఆసుపత్రికీ బడికీ మార్కెట్టుకూ వెళ్ళేది తర్వాత, ఇళ్ళ మధ్య వీధులు చివర. అందులోనూ మురుగు కాలువ లేని చోట రోడ్డు వేయరు, నీళ్ళు నిలిస్తే తారు ఏడాది కూడా ఆగదు కనుక. మంచినీటి గొట్టమో భూగర్భ డ్రైనేజీయో రాబోతున్న వీధినీ ఆపుతారు. వేసిన రోడ్డును మూడో నెలలో తవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు గదా. ఈ వరుసలో న్యాయం ఉంది. బాధ ఏమిటంటే చివరివాళ్ళు ఎప్పుడూ చివరివాళ్ళే.

ఆ చివరివాళ్ళ కోసం వేరే పద్దులు పుట్టాయి. 1988 నుంచి 1996 వరకు బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో మన ఊళ్ళో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. పేదల పేటల్లో సిమెంటు సందులు, కాలువలు, వీధి దీపాలు, సామాజిక భవనాలు వచ్చాయి. దీని వల్ల ఒక విచిత్రం జరిగింది. కొన్ని చోట్ల పేటలో సందు సిమెంటుదైంది, దాని పక్కనే పన్ను కట్టే గుమస్తాల కాలనీ వీధి మట్టిదిగానే మిగిలింది. అప్పట్లో మనవాళ్ళు కొందరు గొణుక్కోవడం విన్నాను. నేను మాత్రం ఆ గొణుగుడులో చేరలేదు. వానాకాలంలో మోకాలి లోతు మురుగులోంచి పిల్లల్ని బడికి మోసుకెళ్ళిన తల్లులు ఆ పేటల్లో ఉన్నారు. కాలనీవాళ్ళం మహా అయితే ఫ్యాంటు మడుచుకున్నాం.

1997లో జన్మభూమి వచ్చింది. ఆ పద్ధతిలో జనం కొంత వాటా కడితే మిగతాది ప్రభుత్వం వేస్తుంది. కాలనీ సంఘాలకు ఊపు వచ్చిన రోజులవి. ఇంటింటికీ రసీదు పుస్తకం పట్టుకుని తిరిగిన పెన్షనర్లు మనలోనే ఉన్నారు. వాటా కట్టగలిగిన వీధికి రోడ్డు ముందొచ్చింది, కట్టలేనిది ఆగింది. ఇది కూడా ఒక రకం వరుసే.

2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. 2007 ఎన్నికలకు 72 వార్డులు, 2021 ఎన్నికలకు 98 వార్డులు. 1991లో ఏడున్నర లక్షల జనం ఉన్న నగరం 2011 నాటికి 17 లక్షలు దాటింది. కలిసిన గ్రామాల్లో రోడ్లు పంచాయతీల నాటివి, ఇంటి పన్నులు కూడా అప్పటివే. ఆ డిసెంబరులోనే కేంద్రం నెహ్రూ పేర నగర పునర్నిర్మాణ పథకం ప్రారంభించింది. మన ఊరికి కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం, కార్పొరేషను 30 శాతం. పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బస్సుల కోసం పెద్ద రోడ్లు వేసింది ఆ పథకంలోనే. పెద్ద రోడ్డుకు ఢిల్లీ నుంచి 50 వస్తుంటే, తన వాటా 30 ఎలాగైనా సమకూర్చుకోవాలని ఏ సంస్థయినా చూస్తుంది. ఇంటి ముందు వీధికి ఢిల్లీ నుంచి అలా వచ్చేదేమీ లేదు. అది సొంత డబ్బుతో, అంటే మన ఇంటి పన్నుతో జరగాలి. పెద్ద పథకం వచ్చిన ఏడు చిన్న వీధి వెనక్కి పోవడంలో ఎవరి దుర్మార్గమూ ఉండనక్కర లేదు. 2016 జనవరిలో మొదటి 20 స్మార్టు నగరాల జాబితాలో మన పేరు వచ్చినప్పుడూ, ఆ ఫిబ్రవరిలో యుద్ధనౌకల సమీక్షకు దేశదేశాల నౌకలు వచ్చినప్పుడూ నాకు ఇదే లెక్క గుర్తుకొచ్చింది.

ఇంతకంటె పెద్ద లోటు ఒకటి జరిగింది. 2012లో కౌన్సిలు గడువు తీరాక 2021 మార్చి వరకు ఎన్నికలే లేవు. తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరు నేలమట్టమైనప్పుడు అధికారులూ సిబ్బందీ రాత్రింబగళ్ళు పనిచేశారు, అది ఒప్పుకోవాలి. కానీ వీధి గోతి గురించి వెళ్ళి అడగడానికి కార్పొరేటరు లేడు. ఇంకొకటి. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు మంచినీరు, పారిశుధ్యం, కాలువలు, రోడ్ల నిర్వహణ వంటి వాటికి ఇచ్చిన గ్రాంటును ఎన్నికైన పాలకవర్గం ఉన్న సంస్థలకే ఉద్దేశించింది. ఆ అయిదేళ్ళలో మనకు పాలకవర్గం ఒక్కరోజు కూడా లేదు.

తర్వాతి మార్పులు మీకు తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. రోడ్లూ కాలువలూ చూసే సౌకర్యాల కార్యదర్శిని అప్పుడు అందులో పెట్టారు. 2022లో ఒక్కో సచివాలయం పరిధిలో ముఖ్యమైన పనులకు 20 లక్షల రూపాయల చొప్పున ఇస్తామన్నారు. 2021లో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీద వేయడం మొదలైంది, పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు.

పరాయి దేశాల్లో దీన్ని ఎలా చేస్తారని మా మనవరాలిని అడిగితే బ్రెజిలు దేశంలో పోర్టో అలెగ్రె అనే నగరం గురించి చెప్పింది. 1989 నుంచి అక్కడ పేటలవారీగా జనం సమావేశమై తమకు ఏది ముందు కావాలో వరుస రాసుకునేవారట. ఆ వరుసకు కొన్ని మార్కులు, పేట జనాభాకు కొన్ని, ఆ పేటలో ఆ సౌకర్యం ఎంత తక్కువగా ఉంటే అన్ని మార్కులు. అన్నీ కూడి పని ఎవరికి ముందో తేల్చేవారు. అక్కడి జనం తరచు అడిగిన వాటిలో వీధి రోడ్డు ఒకటట. మన రాజ్యాంగంలోనూ 74వ సవరణ 1993 నుంచి మూడు లక్షలు దాటిన ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలంటుంది. మార్కులు వేసే పద్ధతి మాత్రం నా కంటబడలేదు. మార్కుల పట్టిక గోడకు అంటించి ఉంటే, నా వీధి వెనకబడినా కనీసం ఎందుకో తెలుస్తుంది.

చివరకు మా వీధి సంగతి. మా ఇల్లు ఒక గృహ నిర్మాణ సంఘం వేసిన లేఅవుటులో ఉంది. సంఘం పేరు వద్దు, దాన్ని నడిపినవారు ఇప్పుడు లేరు. పాతిక ఇళ్ళు, మట్టి రోడ్డు. వానాకాలంలో ఆటోవాడు మలుపు దగ్గరే దింపేస్తాడు. నాలుగేళ్ళ క్రితం ఒక రాత్రి మా పక్కింటి మాస్టారికి గుండె నొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చింది గానీ బురదలో దిగబడుతుందని డ్రైవరు లోపలికి తేలేదు. నలుగురు కుర్రాళ్ళు మాస్టారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకడు టార్చి పట్టుకోగా, మెయిన్ రోడ్డు వరకు మోసుకెళ్ళారు. ఆయన బతికారు. కానీ ఆ పావుగంట సేపూ వెనకాల నడిచిన టీచరమ్మ గారి మొహం నేను మరచిపోలేను.

మర్నాడు నేను అర్జీ రాయలేదు. అర్జీలు అప్పటికే ఆరు ఇచ్చి ఉన్నాం. ఈసారి వెళ్ళి, మా వీధి ఏ రిజిస్టరులో ఉందో చూపించమని అడిగాను. లేదు. చట్టంలో ‘పబ్లికు వీధి’, ‘ప్రైవేటు వీధి’ అని రెండు రకాలు 1920 నాటి నుంచీ ఉన్నాయి. పబ్లికు వీధిని మునిసిపల్ నిధితో బాగుచేయాలి. ప్రైవేటు వీధిని దాని వెంట ఇళ్ళున్నవారు బాగుచేసుకోవాలి. అది మునిసిపాలిటీకి దఖలుపడేదాకా దాని మీద పబ్లికు డబ్బు పెడితే ఆడిటు అభ్యంతరం వస్తుంది. మా సంఘంవారు ప్లాట్లు అమ్మారు గానీ రోడ్ల స్థలాన్ని దఖలు చేస్తూ రాయవలసిన కాగితం రాయనే లేదు. ఇంతకాలం మా ఆరు అర్జీలకూ ఎవరో ఒక గుమస్తా కొర్రీ వేసే ఉంటాడు. నేనైనా వేసేవాణ్ణి.

ఆ సీటులో ఉన్న అమ్మాయి మా మనవరాలి వయసుది. “తాతగారూ, లేఅవుటు ప్లానూ, సంఘం పాత రికార్డూ తెండి, ఏం లోపమో నేనే కాగితం మీద రాసిస్తాను” అంది. రాసిచ్చింది కూడా. లేచి పక్క సీటుకు వెళ్ళి అడిగొచ్చి మరీ రాసింది. సంఘంలో మిగిలిన సభ్యులను వెతికి పట్టుకుని సంతకాలు చేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఒకాయన రాయగడలో దొరికారు, ఇంకొకాయన వారసులు హైదరాబాదులో. రిజిస్ట్రేషను ఖర్చు ఇంటింటికీ వేసుకున్నాం. కాగితం దఖలుపడ్డాక వీధికి రిజిస్టరులో ఒక వరుస సంఖ్య వచ్చింది. ఆ మరుసటి వేసవి ముందు కాలువ, దాని తర్వాత సిమెంటు రోడ్డు.

రోడ్డు పోసిన రోజు సాయంత్రం మేస్త్రీ వచ్చి, “రేపు మట్టి గట్లు కడతాం, రెండు వారాలు నీళ్ళు ఆరకుండా చూసుకోండి బాబూ, ఆరితే బీటలిస్తాది” అన్నాడు. ఇంటికో పూట చొప్పున వంతులు వేసుకున్నాం. తెల్లవారుజామున నా వంతు. లుంగీ ఎగ్గట్టుకుని గొట్టంతో నీళ్ళు పెడుతుంటే మాస్టారు కర్ర పట్టుకుని గేటు దగ్గరకు వచ్చి, “ఆ మూల ఆరిపోయిందండీ, అటు కూడా పెట్టండి” అంటూ చూపిస్తుండేవారు.